క్రూజ్‌లో మనకి కావలసిన క్యాబినే దక్కాలంటే ఏం చేయాలి

క్రూజ్ అనగానే మనవాళ్లు ముందు రేటు అడుగుతారు, తర్వాత వెజ్ దొరుకుతుందా అని, ఆ తర్వాత పిల్లలకి స్విమ్మింగ్ పూల్ ఉందా అని. క్యాబిన్ ఓడలో ఎక్కడ వస్తుందని అడిగేవాళ్లు చాలా తక్కువ. "ఎక్కడైతే ఏముందండీ, రాత్రి పడుకోడానికే కదా" అంటారు. తేడా అంతా ఆ పడుకోవడం దగ్గరే వస్తుంది. ఒకే ఓడ, ఒకే రేటు, ఒకే కేటగిరీ, అయినా ఒక కుటుంబం హాయిగా నిద్రపోతుంది, ఇంకో కుటుంబానికి డ్యాన్స్ ఫ్లోర్ కింద గది వచ్చి అర్ధరాత్రి దాటినా కళ్లు మూతపడవు. అందుకే నన్ను అడిగినవాళ్లందరికీ ఒకటే మాట చెబుతాను: కేటగిరీ చూసి డబ్బు కట్టకండి, నంబరు చూసి కట్టండి. ఆ నంబరుకి పైన ఏముందో, కింద ఏముందో, ఎదురుగా ఏముందో తెలిశాకే కార్డు బయటికి తీయండి.

మన వైజాగ్‌లో ఈ ప్రశ్నలు ఈమధ్య బాగా పెరిగాయి. 2022 జూన్‌లో కార్డీలియా అనే క్రూజ్ కంపెనీ వాళ్ల ఎంప్రెస్ ఓడ చెన్నై నుంచి ఇక్కడికి వచ్చినప్పుడు మొదలైంది ఈ హడావిడి. 2023 సెప్టెంబర్‌లో ఔటర్ హార్బర్‌లో క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది, 2024 ఏప్రిల్‌లో ది వరల్డ్ అనే ఓడ కూడా వచ్చి ఆగింది (అందులో గదులు దానిలో ఉండేవాళ్ల సొంత ఇళ్లు, మన బుకింగ్ గొడవ వాళ్లకి లేదు). కానీ ఏడాది పొడుగునా ఇక్కడ ఓడలు ఎక్కించుకోవు. సీజన్‌లో షెడ్యూల్ ఉంటే మన టెర్మినల్లోనే ఎక్కొచ్చు, లేకపోతే రైలెక్కి చెన్నై వెళ్లాలి, లేదా ముంబై, లేదా ఇక్కణ్నుంచి డైరెక్ట్ ఫ్లైట్‌లో సింగపూర్ వెళ్లి అక్కడ పెద్ద ఓడ ఎక్కాలి. ఎక్కడ ఎక్కినా క్యాబిన్ ఎంచుకునే పద్ధతి ఒకటే. అండమాన్ వెళ్లే ప్యాసింజర్ షిప్ సంగతి మాత్రం వేరు, దానిలో బంక్ నుంచి డీలక్స్ దాకా క్లాసులు ఉంటాయి. ఇది దాని గురించి కాదు.

క్యాబిన్ రకాల (కేటగిరీల) గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఇన్‌సైడ్ అంటే కిటికీ లేనిది. ఓషన్ వ్యూ అంటే తెరుచుకోని అద్దం కిటికీ ఉన్నది. బాల్కనీ అంటే బయట కూర్చోవచ్చు. సూట్ అంటే పెద్దది. ఎంప్రెస్ లాంటి ఓడలో బాల్కనీలు తక్కువ, ఎందుకంటే అది 1990లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో తిరగడం మొదలుపెట్టిన ఓడ, గదికో బాల్కనీ పెట్టే అలవాటు ఓడల కంపెనీలకి ఆ తర్వాతే వచ్చింది. అలాంటి ఓడలో బాల్కనీ కావాలనుకుంటే షెడ్యూల్ బయటికి రాగానే బుక్ చేయాలి, దసరా సెలవులు దగ్గరపడ్డాక వెతికితే దొరకవు. సింగపూర్ నుంచి బయల్దేరే కొత్త పెద్ద ఓడల్లో మాత్రం బాల్కనీ గదులే ఎక్కువ, అక్కడ బాల్కనీ దొరకడం సమస్య కాదు, మంచి చోట దొరకడం సమస్య.

ముందు ఇంట్లో కూర్చుని ఒక పని చేయండి. ఎవరెవరు వస్తున్నారో, వాళ్లలో ఎవరికి ఏం ఇబ్బందో ఒక కాగితం మీద రాసుకోండి. వెటకారంగా అనుకోకండి, సగం పని అక్కడే అయిపోతుంది. మా పెద్దత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. ఆవిడకి సముద్రం కనిపిస్తుందా లేదా కన్నా లిఫ్టు నుంచి గది ఎంత దూరమన్నదే ముఖ్యం. ఎంప్రెస్సే రెండు వందల మీటర్లు దాటి ఉంటుంది, సింగపూర్ నుంచి వెళ్లే పెద్ద ఓడలైతే మూడు వందలు కూడా దాటుతాయి. గది ముందు కొసన, డైనింగ్ హాలు వెనక కొసన ఉంటే ఆవిడ టిఫిన్‌కి ఒకసారి, భోజనానికి ఒకసారి, రాత్రికి ఒకసారి ఆ కారిడారంతా నడవాలి. అలాంటివాళ్లకి లిఫ్టుకి నాలుగైదు గదుల దూరంలో తీసుకోండి. సరిగ్గా లిఫ్టు ఎదురుగా వద్దు. అక్కడ రాత్రి షో వదిలాక జనం గుంపుగా నిలబడి మాట్లాడుకుంటారు, పైగా మనవాళ్లు సెలవుల్లో ఉన్నప్పుడు మెల్లగా మాట్లాడరు.

ఘాట్ రోడ్డులో అరకు వెళ్తేనే వాంతులయ్యేవాళ్లు మీ ఇంట్లో ఉంటే, మిగతావన్నీ పక్కన పెట్టి కింద డెక్ (డెక్ అంటే ఓడలో అంతస్తు), ఓడ మధ్య భాగం చూడండి. తూగుడుబల్ల మీద కొసన కూర్చున్నవాళ్లు పైకీ కిందకీ వెళ్తారు, మధ్యలో కూర్చున్నవాళ్లు దాదాపు ఉన్నచోటే ఉంటారు, ఓడ కూడా అంతే. ముక్కు వైపు గదుల్లో ఆ ఎత్తిపడేయడం ఎక్కువ. పక్కలకి ఊగడం పై డెక్కుల్లో ఎక్కువ. వెనక కొసన ఊగడంతో పాటు ఇంజిన్ల, ప్రొపెల్లర్ల అదురు కూడా తెలుస్తుంది, టేబుల్ మీద గ్లాసు సన్నగా మోగుతూ ఉంటుంది. "సూట్ అంటే పై డెక్, పై డెక్ అంటే గొప్ప" అనుకుని వాంతులయ్యేవాళ్లని పైన, ముందు కొసన పెడితే డబ్బు ఎక్కువ కట్టి కష్టం కొనుక్కున్నట్టే. ఇలాంటివాళ్లకి కిటికీ లేని గది కన్నా కిటికీ ఉన్నది మేలు, దూరంగా ఆకాశం, నీళ్లు కలిసే గీత చూస్తూ ఉంటే తల తిరగడం తగ్గుతుంది. కానీ ఆ కిటికీ తెరుచుకోదని గుర్తుపెట్టుకోండి, గాలి కావాలంటే బాల్కనీ తీసుకోవాలి లేదా డెక్ మీదకి వెళ్లాలి.

నెల కూడా చూసుకోండి. ఆర్కే బీచ్‌లో రోజూ నడిచేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలులకి మన సముద్రం ఎలా ఉంటుందో. అక్టోబర్, నవంబర్‌లలో తుఫాన్ల భయం, హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబర్ 12నే కదా. ఆ నెలల్లో వెళ్తే గది ఎక్కడ అన్నదానికి విలువ రెట్టింపవుతుంది. జనవరి, ఫిబ్రవరిలో సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది, అప్పుడు వెనక కొస బాల్కనీ తీసుకున్నా పెద్ద ఇబ్బంది ఉండదు. అసలు వెనక వైపు బాల్కనీ నుంచి ఓడ వదిలి వెళ్లే తెల్లటి నురుగు దారి చూడటం చాలామందికి ఇష్టం, అందుకే అవి త్వరగా అయిపోతాయి.

ఇప్పుడు అసలు పని, డెక్ ప్లాన్ చదవడం, అంటే ఒక్కో డెక్‌లో ఏది ఎక్కడుందో చూపించే మ్యాప్. ప్రతి క్రూజ్ కంపెనీ తన వెబ్‌సైట్‌లో ఓడ పేరు కింద డెక్ ప్లాన్లు పెడుతుంది. అక్కణ్నుంచే తీసుకోండి, ఎవరో వాట్సాప్‌లో పంపిన పాత బొమ్మ మీద ఆధారపడకండి, ఎందుకంటే ఓడ రిపేర్‌కి డ్రైడాక్‌లో పెట్టినప్పుడల్లా గదులు, హాళ్లు మారుతుంటాయి. ఫోన్‌లో కాకుండా కంప్యూటర్లో, లేకపోతే ప్రింటు తీసి చూస్తే మంచిది. మీకు చెప్పిన క్యాబిన్ నంబరు వెతికి వేలు పెట్టండి. ఓడ ముక్కు ఎటుందో చూసుకోండి. ఇప్పుడు ఆ వేలి చోటుని సరిగ్గా పై డెక్ ప్లాన్‌లో పట్టుకోండి, పక్కన మెట్లు, లిఫ్టులు ఉంటాయి కాబట్టి వాటిని గుర్తుగా పెట్టుకుంటే తేలిగ్గా దొరుకుతుంది. పైన కూడా క్యాబిన్లే ఉన్నాయా? మంచిది. కింద కూడా క్యాబిన్లేనా? ఇంకా మంచిది. పైనా కిందా గదులే ఉన్న గది కన్నా ప్రశాంతమైనది ఓడలో ఇంకోటి ఉండదు.

పైన పూల్ డెక్ ఉందనుకోండి. రాత్రి పార్టీ సంగతి అలా ఉంచండి, అది ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది. తెల్లారకముందే స్టాఫ్ వచ్చి డెక్ కడిగి పడక కుర్చీలు వరసగా సర్దడం మొదలుపెడతారు. ఒక్కో కుర్చీ కాళ్లు నేల మీద బరబరా ఈడ్చిన చప్పుడు, కాస్త ఆగడం, మళ్లీ బరబరా, ఇలా ఆ వరస అయ్యేదాకా మీ నెత్తి మీదే. పైన బఫే ఉన్నా ఇంతే, ట్రాలీల చక్రాలు, కుర్చీలు. పైన జిమ్ ఉంటే డంబెల్స్ కింద పడేసిన దెబ్బలు, జాగింగ్ ట్రాక్ ఉంటే పొద్దున్నే పరుగులు. కింద థియేటర్ గానీ క్యాసినో గానీ డిస్కో గానీ ఉంటే బాస్ దరువు నేలలోంచి మంచానికి వస్తుంది, చెవిలో దూది పెట్టుకున్నా లాభం లేదు. ప్లాన్‌లో ఏ పేరూ రాయకుండా తెల్లగా వదిలేసిన చోట్లు కనిపిస్తాయి చూడండి, అవి ఖాళీ కాదు, కిచెన్, స్టోర్, స్టాఫ్ దారి లాంటివి. వాటి కింద, వాటి పక్క గదులు తీసుకునే ముందు ఆలోచించండి. బాగా కింద డెక్‌లో ముక్కు దగ్గర గదులకి ఇంకో ఇబ్బంది, పోర్టుకి వచ్చినప్పుడల్లా పొద్దున్నే లంగరు గొలుసు, ఓడని పక్కకి తిప్పే థ్రస్టర్ల మోత.

ప్లాన్‌లో చిన్న చిన్న గుర్తులు కూడా ఉంటాయి, వాటి అర్థం అడుగున రాసి ఉంటుంది, వదిలేయకుండా చదవండి. రెండు గదుల మధ్య బాణం లాంటి గుర్తు ఉంటే అది మధ్య తలుపు. అన్నదమ్ముల కుటుంబాలు రెండు కలిసి వెళ్తుంటే ఇంతకన్నా వరం లేదు, పిల్లలు అటూ ఇటూ తిరుగుతారు, బామ్మ ఏ గదిలోనైనా పడుకుంటుంది. కానీ పక్క గదిలో తెలియనివాళ్లు ఉంటే ఆ పల్చటి తలుపులోంచి వాళ్ల టీవీ, వాళ్ల గురక అన్నీ వినిపిస్తాయి, అందుకని ఒక్క గదే తీసుకునేవాళ్లు ఆ గుర్తున్నది వదిలేయండి. ఇంకో గుర్తు "అబ్‌స్ట్రక్టెడ్ వ్యూ". కిటికీ ఉంటుంది, కిటికీకి అడ్డంగా నారింజ రంగు లైఫ్ బోటు ఉంటుంది. వెలుతురు వస్తుంది, సముద్రం కనిపించదు. తక్కువ రేటుకి ఇస్తే, పగటి వెలుతురు చాలనుకుంటే అది మంచి బేరమే, తెలిసి తీసుకోండి. బయట జనం నడిచే డెక్ వైపు ఉండే కిటికీలు కూడా ఉంటాయి, అక్కడ రోజంతా కర్టెన్ వేసుకుని కూర్చోవాలి.

కుడివైపా ఎడమవైపా అని కొందరు చాలా టెన్షన్ పడతారు. చెన్నై నుంచి విశాఖ వచ్చేటప్పుడు తీరం ఓడకి ఎడమవైపు, సూర్యోదయం కుడివైపు. తిరుగు ప్రయాణంలో ఇది తారుమారు. కానీ ఓడ ఒడ్డుకి బాగా దూరంగా వెళ్తుంది కాబట్టి దారిపొడవునా తీరం కనిపిస్తుందనుకోకండి. తేడా తెలిసేది హార్బర్‌లోకి వచ్చేటప్పుడే, డాల్ఫిన్ నోస్ కొండ, లైట్‌హౌస్ ఎడమవైపు వస్తాయి, ఊరు కుడివైపు. ఆ అరగంట ఎలాగూ అందరూ పై డెక్ మీదే ఉంటారు, కాబట్టి దీనికోసం మంచి గది వదులుకోకండి. ఎండ మాత్రం చూసుకోండి. పడమటి వైపు బాల్కనీలో మన ఎండాకాలం సాయంత్రం కూర్చోవడం కష్టం.

ఇంట్లో ముగ్గురు నలుగురు ఒకే గదిలో ఉండాలంటే ఆలస్యం చేయకండి. నలుగురు పట్టే గదులు ఓడలో తక్కువ. మూడోవాళ్లకి, నాలుగోవాళ్లకి గోడలోంచి కిందకి దిగే బెర్తో సోఫా కం బెడ్డో ఉంటుంది, డెబ్బై ఏళ్ల తాతగారిని ఆ పై బెర్త్ ఎక్కమనలేం కదా. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. గది ఖాళీగా కనిపిస్తున్నా ముగ్గురికి ఇవ్వలేమని ఒక్కోసారి అంటారు. అది ఏజెంట్ అబద్ధం కాకపోవచ్చు. ఓడలో ఒక్కో భాగంలో ఉండేవాళ్లకి ఒక్కో ఎమర్జెన్సీ స్టేషన్ కేటాయిస్తారు, లైఫ్ బోట్లలో చోటు లెక్కపెట్టి ఆ స్టేషన్‌కి ఇంతమందే అని పరిమితి పెడతారు. అది నిండితే ఆ భాగంలో ఇద్దరికి మించి ఇవ్వరు. అలాంటప్పుడు ఓడ అవతలి వైపో, వేరే భాగంలోనో వెతకమనండి, దొరకొచ్చు.

డబ్బు తక్కువని కనిపించే వాటిలో "గ్యారంటీ" క్యాబిన్ ఒకటుంది, మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. గ్యారంటీ అంటే మంచి గది గ్యారంటీ కాదు. ఆ కేటగిరీలో గానీ అంతకన్నా పైదాంట్లో గానీ ఏదో ఒక గది ఇస్తామని మాత్రమే హామీ, ఏ గది అన్నది కంపెనీ ఇష్టం, ప్రయాణం దగ్గరపడ్డాక చెబుతుంది. నచ్చకపోతే సాధారణంగా మార్చరు. ఎక్కడ పడుకున్నా నిద్రపట్టే కుర్రాళ్లు, ఫ్రెండ్స్ గుంపు అయితే నిశ్చింతగా తీసుకోండి, నాలుగు డబ్బులు మిగులుతాయి. పెద్దవాళ్లు, చంటిపిల్లలు, వాంతులయ్యేవాళ్లు ఉంటే మాత్రం దాని జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను. రెండు గదులు పక్కపక్కన కావలసినవాళ్లు కూడా అంతే, గ్యారంటీలో ఒకటి నాలుగో డెక్‌లో, ఇంకోటి తొమ్మిదో డెక్‌లో రావచ్చు.

ఏజెంట్ దగ్గరికి వెళ్తే, అది ద్వారకానగర్‌లో ఆఫీసైనా ఫోన్ మీదైనా, సంభాషణ ఇలా నడుస్తుంది. "ఓషన్ వ్యూ ఉందాండీ?" అంటే "ఉంది సార్, వేసేస్తాను, ఆధార్‌లు పంపించండి" అంటారు. అక్కడ ఆగండి. "నంబరు ఏమొస్తుందండీ?" అని అడగండి. "అది తర్వాత వాళ్లే ఇస్తారు సార్" అన్నారంటే అది గ్యారంటీ రేటు. "నంబరు ఎంచుకునే రేటు ఎంత? ఖాళీగా ఉన్న నంబర్లు నాలుగైదు స్క్రీన్‌షాట్ పంపండి, నేను ప్లాన్‌లో చూసుకుని గంటలో చెబుతాను" అనండి. మర్యాదగా అడిగితే చాలామంది పంపిస్తారు, కొన్ని కంపెనీల్లో ఏజెంట్ ఒక గదిని కొద్ది సమయం డబ్బు కట్టకుండా ఆపి ఉంచగలరు, అది కూడా అడగండి. పంపనంటే ఇంకో ఏజెంట్‌ని చూసుకోండి, లేదా కంపెనీ సైట్‌లో మీరే చేసుకోండి, అక్కడ గదిని మ్యాప్ మీద నొక్కి ఎంచుకోవచ్చు. మధ్యలో విశాఖలో ఎక్కేవాళ్లయితే ఒకటి గమనించండి, చెన్నైలో ఎక్కినవాళ్లు ఇంకా దిగని గదులు మీకు రావు, కాబట్టి ఎంపిక తక్కువగా కనిపిస్తుంది, ఇంకా ముందుగా కదలాలి.

నచ్చిన నంబరు దొరికాక యూట్యూబ్‌లో ఓడ పేరుతో పాటు ఆ నంబరు కొట్టి చూడండి. పెద్ద ఓడలకైతే ఎవరో ఒకరు గది తలుపు తీసి మంచం, బాత్రూమ్, కిటికీ అన్నీ చూపించిన వీడియో తరచుగా దొరుకుతుంది. అదే నంబరుది లేకపోయినా పక్కదో ఎదురుదో ఉంటుంది. కంపెనీ ఫొటోలు వెడల్పు లెన్స్‌తో తీసినవి, వాటిలో ప్రతి గదీ హాల్లా కనిపిస్తుంది.

డబ్బు కట్టాక వచ్చే కన్ఫర్మేషన్‌లో ఓడ పేరు, తేదీ, డెక్, క్యాబిన్ నంబరు, పాస్‌పోర్టులో ఉన్నట్టే పేర్ల స్పెల్లింగ్ అన్నీ చూసుకోండి. నంబరు ఉండాల్సిన చోట "జీటీవై" అని ఉంటే అది గ్యారంటీ గది, వెంటనే ఫోన్ చేయండి. విదేశీ ప్యాకేజీ అయితే టీసీఎస్ (బుకింగ్ దగ్గరే వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా పడుతుంది, రేటు పోల్చేటప్పుడు అది, జీఎస్టీ, పోర్టు చార్జీలు, సిబ్బంది టిప్పులు కలిపిన మొత్తాలనే పోల్చండి, లేకపోతే చవకనుకున్నదే చివరికి ఖరీదవుతుంది.

అప్‌గ్రేడ్ గురించి ఒక మాట. కంపెనీ తనంతట తాను మిమ్మల్ని పై కేటగిరీకి మార్చొచ్చు, వినడానికి బాగుంటుంది. కానీ మీరు వెతికి వెతికి కింద డెక్ మధ్యలో ఎంచుకున్న గది పోయి, పైన పూల్ కింద బాల్కనీ వస్తే? అందుకని నచ్చిన గది దొరికినవాళ్లు బుకింగ్‌లో "అప్‌గ్రేడ్ వద్దు" అని నోట్ పెట్టించండి. డబ్బు బిడ్ వేసి అప్‌గ్రేడ్ అయ్యే పద్ధతి కూడా కొన్ని కంపెనీల్లో ఉంది, దానిలో కూడా గది స్థానం మీ చేతిలో ఉండదు.

మీరు కోరుకున్నది మొదట దొరకలేదనుకోండి, వదిలేయకండి. దగ్గరలో ఉన్నది బుక్ చేసుకుని చూస్తూ ఉండండి. పెద్ద కంపెనీల్లో ప్రయాణానికి రెండు మూడు నెలల ముందు మిగతా డబ్బంతా కట్టాల్సిన ఆఖరు తేదీ ఒకటుంటుంది, మనసు మార్చుకున్నవాళ్లు ఆ లోపే రద్దు చేసుకుంటారు. ఆ తేదీకి అటూ ఇటూ వారంలో మంచి గదులు మళ్లీ బయటికి వస్తాయి. గుంపు బుకింగ్‌ల కోసం ఏజెంట్లు పట్టుకుని ఉంచిన గదులు కూడా అమ్ముడుపోకపోతే తిరిగి వస్తాయి. ఆ రోజుల్లో పొద్దునోసారి సాయంత్రమోసారి సైట్ చూడండి, కనిపించగానే మార్చమని అడగండి. అదే కేటగిరీ అయితే మార్చడం తేలికే, రేటు తగ్గి ఉంటే ఆ తేడా ఇస్తారా అని కూడా అదే ఫోన్‌లో అడిగేయండి.

ఓడ ఎక్కాక గదిలోకి వెళ్లగానే పెట్టె తెరవకముందే అన్నీ చూడండి. బాత్రూమ్ నీళ్లు పోతున్నాయా, డ్రెయిన్ వాసన వస్తోందా, ఏసీ పనిచేస్తోందా, మధ్య తలుపు గడియ సరిగ్గా పడిందా. రెండు మంచాలు కలపాలన్నా విడదీయాలన్నా గది చూసే స్టాఫ్‌కి చెబితే చేస్తారు. అసలు ఉండలేని ఇబ్బంది ఉంటే వెంటనే రిసెప్షన్‌కి వెళ్లి గది నంబరు, ఇబ్బంది రెండూ చెప్పి పేరు రాయించండి. ఓడ కదిలేదాకా వాళ్లు ఏమీ చెప్పలేరు, ఎక్కనివాళ్లు ఎవరో అప్పుడే తేలుతుంది, కాబట్టి ఓడ హార్బర్ దాటాక ఇంకోసారి వెళ్లి అడగండి. ఖాళీ ఉంటే ముందు పేరు రాయించినవాళ్లకే ముందు అవకాశం వస్తుంది, ఓడ నిండా జనం ఉంటే మాత్రం ఉన్న గదిలోనే రిపేర్ చేయించుకోవాలి, దానికీ ఆ మొదటి సాయంత్రమే చెప్పి ఉండాలి.